కూర్చోలేని సీట్ల మేస్త్రి

సీట్ల మేస్త్రికి ‘ఆ రోగం’ వచ్చిందట. ఏ రోగమని అడిగితే, చెప్పేవాళ్ళు ముందు వెనక్కి తిరిగి చూస్తారు, తర్వాత గొంతు తగ్గిస్తారు, చివరికి నోటితో కాకుండా కనుబొమ్మలతో చెబుతారు. కనుబొమ్మలతో చెప్పే రోగాలు లోకంలో ఎన్నో లేవు కాబట్టి విన్నవాళ్ళకు ఇట్టే అర్థమైపోతుంది. అందుకే మనిషి కూర్చోలేడట. అందుకే ప్రతి గురువారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి ఎక్కడికో మాయమవుతాడట. అందుకే పెళ్ళాం సంచి సర్దుకుని, అందరూ చూస్తుండగా ఆటో ఎక్కి అక్క ఇంటికి పోయిందట. ఇక రాదట.

ఈ మాట పుట్టింది అతని షాపుకు రెండు షాపుల అవతల ఉన్న సెలూన్లో. అక్కడ కత్తెరకు పని ఉన్నా లేకపోయినా నోటికి మాత్రం సెలవు ఉండదు. సెలూన్ యజమాని ఏ సంగతి చెప్పినా ఎదుటివాడు తలూపాల్సిందే. గొంతు మీద కత్తి ఉన్నవాడు కాదని ఎలా అంటాడు? అలా రోజుకు ఇరవై మంది ఒప్పుకున్న మాట సాయంత్రానికి నిజమై వీధిలోకి నడిచేది.

మేస్త్రి పని సీట్లు కుట్టడం. బస్సు సీట్లు, ఆటో సీట్లు, సోఫాలు, పళ్ళ డాక్టరు కుర్చీ, ఆఖరికి ఆ సెలూన్లో గిరగిరా తిరిగే కుర్చీ కూడా అతని చేతి పనే. ఊళ్ళో సగం మంది అతను చేసిన మెత్తదనం మీదే కూర్చున్నారు. కూర్చునే అతని గురించి మాట్లాడుకున్నారు. ఇరవై రెండేళ్ళుగా జనాన్ని కూర్చోబెట్టినవాడు తాను మాత్రం పదకొండు నెలలుగా నిలబడే ఉన్నాడు. తిన్నా నిలబడే, పేపరు చదివినా నిలబడే. వీధి అతనికి ‘నిలువు మేస్త్రి’ అని పేరు పెట్టి, ఆ తెలివికి తానే మురిసిపోయింది.

ఆ పని ఎలా చేస్తారో చూసినవాళ్ళు తక్కువ. పీట మీద కూర్చుని, సీటు ఫ్రేమును రెండు తొడల మధ్య ఇరికించి పట్టుకోవాలి. నోట్లో గుప్పెడు చిన్న మేకులు. ఎడమ చేతిలో పట్టకారు, దాంతో రెక్సిన్ అంచు లాగాలి. కుడి చేతిలో అయస్కాంతం మూతి ఉన్న సుత్తి. లాగిన గుడ్డ జారకముందే నాలుకతో ఒక్కో మేకు ముందుకు తోసి, సుత్తి మూతితోనే అందుకుని, కొట్టాలి. పని నేర్పిన గురువు అతనికి మొదటి రోజే ఒక సూత్రం చెప్పాడు. “పొట్ట లోపలికి లాగు. ఊపిరి బిగబట్టు. కిందంతా బిగించు. నువ్వు బిగిస్తేనే సీటు బిగుస్తుంది.” ఎప్పుడు వదలాలో గురువు చెప్పలేదు. శిష్యుడూ అడగలేదు.

పదకొండు నెలల కిందట ఒక ఉదయం పీట మీద కూర్చోగానే కింద మేకు గుచ్చుకున్నట్టయింది. అలవాటైన ప్రమాదమే కదా అని లేచి పీట చూశాడు. మేకు లేదు. ప్యాంటు దులిపాడు. లేదు. మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ గుచ్చుకుంది. అది ఒంటి లోపలి మేకు. ముందు వైపుకూ వెనక వైపుకూ మధ్య, పేరు పెట్టి పిలవడానికి ఎవరికీ ధైర్యం చాలని చోట దిగింది. వారానికల్లా మూత్రంలో మంట, గంటకోసారి పరుగు, పొత్తికడుపులో బరువు. ఇంకొకరైతే పీట మారుద్దామనుకునేవారు. మేస్త్రికి మాత్రం కాళ్ళ కింద నేల కదిలింది. అతనికి ఒక సంగతి గుర్తుంది.

మూడేళ్ళ కిందట వేరే ఊళ్ళో ఒక సినిమా హాలుకు కొత్త సీట్లు వెయ్యడానికి వెళ్ళి పదిహేను రోజులు లాడ్జిలో ఉన్నాడు. ఆ పదిహేనింటిలో ఒక్క సాయంత్రం అతను ఒంటరిగా లేడు. అంతే. ఇంటికొచ్చాక ఆ సాయంత్రాన్ని మడత పెట్టి, ఎక్కడో అడుగున దాచి, పైన మంచి భర్త అనే దుప్పటి కప్పాడు. ఇప్పుడు నొప్పి వచ్చి నేరుగా ఆ దుప్పటే లాగింది. తప్పు చేసినవాడి తెలివి ఎప్పుడూ ఇలాగే పని చేస్తుంది. తలనొప్పి వస్తే ఎండ అంటాడు, దగ్గొస్తే దుమ్ము అంటాడు, అక్కడ నొప్పొస్తే మాత్రం తీర్పు అంటాడు.

తీర్పు వినడానికి ముందు మందుల షాపుకు వెళ్ళాడు. ఎవరూ లేని సమయం చూసి, తనకు కాదన్నట్టు, “మా ఫ్రెండుకి కొంచెం మంటగా ఉందట” అన్నాడు.

మందుల షాపతను మంచివాడు. ఒకటే లోపం, గొంతు పెద్దది. “మీ ఫ్రెండుకి మంట ఎక్కడండీ?” అని అరిచాడు. అప్పటిదాకా లేని జనం ఆ ప్రశ్నకోసమే పుట్టినట్టు ముగ్గురు మెట్లెక్కి వచ్చారు.

“కళ్ళలో” అన్నాడు మేస్త్రి.

కంటి చుక్కలు తెచ్చుకున్నాడు.

తర్వాత ఒక బోర్డు కింద మెట్లెక్కాడు. ‘పురుషుల రహస్య సమస్యలకు రహస్య చికిత్స’ అన్న బోర్డు అది, వంద గజాల దూరం నుంచి చదవగలిగేంత రహస్యంగా ఎర్రరంగులో ఉంటుంది. లోపలి పెద్దమనిషి నాడి పట్టుకుని, కళ్ళు మూసుకుని, “చిన్నప్పటి పొరపాట్లు” అన్నాడు. ఏ మగవాడికి చెప్పినా తగిలే మాట. మూడు సీసాల లేహ్యం ఇచ్చాడు. దాంతో నొప్పి తగ్గలేదు కానీ దానికి తోడుగా విరేచనాలు వచ్చాయి.

ఆ తర్వాత అసలైన క్లినిక్కు. అక్కడి డాక్టరు తల ఎత్తకుండా రెండు వారాల బిళ్ళలు రాశాడు. తగ్గలేదంటే నాలుగు వారాలవి రాశాడు. అప్పటికీ తగ్గలేదంటే పేరు మార్చి మళ్ళీ నాలుగు వారాలవి రాశాడు. మధ్యలో మేస్త్రి తానే ల్యాబుకు వెళ్ళి అన్ని పరీక్షలూ చేయించుకున్నాడు. ఏమీ లేదని వచ్చింది. ల్యాబువాళ్ళు సీసాలు మార్చేసి ఉంటారనుకుని ఇంకో ల్యాబుకు వెళ్ళాడు. అక్కడా ఏమీ లేదు. మూడో ల్యాబుకు వెళ్ళి, “కొంచెం శ్రద్ధగా చూడండి” అని బతిమాలాడు. వాళ్ళు శ్రద్ధగా చూసి ఏమీ లేదన్నారు. మంచి వార్త విని అంతగా నీరసపడిన మనిషి ఆ ల్యాబులో అంతకు ముందు కనపడి ఉండడు.

“మీకేం లేదండీ” అన్నాడు క్లినిక్ డాక్టరు చిరాగ్గా.

“ఏం లేకపోతే ఈ నొప్పి ఎవరిది సార్?” అన్నాడు మేస్త్రి.

ఆ ప్రశ్నకు డాక్టరు దగ్గర బిళ్ళ లేదు.

ఇంట్లో మాత్రం మేస్త్రి తన సొంత వైద్యం తాను చేసుకున్నాడు. నడుము నొప్పి అని చెప్పి కొత్త పరుపు కొని ముందు గదిలో వేసుకున్నాడు. తన టవలు విడిగా ఉతుక్కునేవాడు, సబ్బు విడిగా పెట్టుకునేవాడు, గ్లాసును వేడినీళ్ళలో ముంచేవాడు. భార్యకు అంటకుండా కాపాడుతున్నానని అనుకున్నాడు. ఆమెను ఎంత శ్రద్ధగా కాపాడాడంటే, ఆమె చెయ్యి పొరపాటున భుజానికి తగిలినా ఉలిక్కిపడి పక్కకు జరిగేవాడు. ఇంత త్యాగం చేస్తున్న తన మీద తనకే కాస్త జాలి వేసేది.

ఎనిమిదో నెలలో, ఎవరో చెబితే పెద్దాసుపత్రికి వెళ్ళాడు. అక్కడ ఉన్నది డాక్టరమ్మ. ఆమెను చూడగానే వెనక్కి తిరగబోయాడు కానీ, వెనక వరుస తలుపుదాకా ఉంది. డాక్టరమ్మ అతని కాగితాలన్నీ బల్ల మీద పరిచి, కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టి ఒక్కోటీ చదివింది. ఇన్ని పరీక్షలు ఎందుకని అడిగి, లాడ్జి సాయంత్రం నుంచి ముందు గది పరుపుదాకా అన్నీ అతనితో చెప్పించింది. తర్వాత ఎవరూ అడగని ప్రశ్న అడిగింది.

“మీరేం పని చేస్తారు?”

“సీట్లు కుడతానమ్మా.”

“ఎలా కూర్చుని చేస్తారో ఒకసారి చూపించండి.”

మేస్త్రి సిగ్గుపడుతూనే ఆమె చెత్తబుట్టను తొడల మధ్య ఇరికించి, పట్టకారు లేని చేతితో లేని రెక్సిన్ లాగి, లేని మేకులు పళ్ళ మధ్య పట్టి చూపించాడు.

“ఇప్పుడు వదిలెయ్యండి” అంది డాక్టరమ్మ.

బుట్ట కింద పెట్టాడు.

“బుట్ట కాదు. మిమ్మల్ని. లోపలికి వచ్చినప్పటి నుంచీ మీరు సరిగ్గా ఊపిరి తీసుకోలేదు, నేను చూస్తూనే ఉన్నాను.”

అప్పుడు ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. కటి అడుగున ఒక కండరాల పట్టీ ఉంటుంది, సీటు కింద అడ్డంగా కొట్టిన పట్టీలాంటిది. ఏళ్ళ తరబడి బిగించి ఉంచితే అది వదలడం మరిచిపోతుంది. భయం దాన్ని ఇంకా బిగిస్తుంది. మంట, పరుగు, గుచ్చుకోవడం, అన్నీ దానివల్ల రావచ్చు. “నొప్పి నిజమే. మీరు కల్పించుకున్నది కాదు. కానీ మీరు అనుకుంటున్న రోగం కాదు. మూడేళ్ళ కిందటి సంగతిని ఇప్పటికే మూడు ల్యాబులు చూశాయి. ఆ భయం ఇక చాలు. మందుల బిళ్ళలు ఆపండి. వ్యాయామం గదికి ప్రతి గురువారం రండి. నెమ్మదిగా తగ్గుతుంది, ఒక్కసారిగా తగ్గదు. ఇంట్లో విడిగా ఉండాల్సిన పని లేదు.”

వ్యాయామం గది రెండో అంతస్తులో ఉంది. అక్కడి మాస్టారు రిటైర్మెంటుకు దగ్గరపడిన బట్టతల మనిషి. మేస్త్రిని చాప మీద పడుకోబెట్టి, కాళ్ళు కుర్చీ మీద పెట్టించి, పొట్ట నిండా ఊపిరి పీల్చమనేవాడు. “వదులు. ఇంకా వదులు. అంత గట్టిగా పట్టుకున్నావేంటి నాయనా, ఎవరైనా ఎత్తుకెళ్తారా దాన్ని?” అనేవాడు. ఇరవై రెండేళ్ళు బిగించడం నేర్చినవాడికి వదలడం నేర్పడానికి పది గురువారాలు పట్టాయి. పదో గురువారానికి పావుగంట కూర్చోగలిగాడు.

ఒళ్ళు వదులైంది కానీ ఇల్లు కాలేదు. డాక్టరమ్మ పరుపు వెనక్కి తీసుకుపొమ్మంది. రెండు గదుల మధ్య ఉన్నది ఆరడుగులే. కానీ ఆ పరుపు ఎందుకు వెనక్కి వస్తోందో చెప్పాలంటే, అసలెందుకు బయటికి వచ్చిందో చెప్పాలి. ఆ ఆరడుగులు దాటాలంటే మూడేళ్ళు వెనక్కి నడిచి సినిమా హాలు మీదుగా తిరిగి రావాలి. మేస్త్రి రోజూ గుమ్మందాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి వెనక్కి వచ్చేవాడు. చెబితే పెళ్ళాం పోతుందని భయం. చెప్పకపోతే ఆమె తనతోనే ఉంటుందనే భ్రమ.

ఇంతలో సెలూన్లో పుట్టిన మాట వీధులు తిరిగి, భార్య పనిచేసే బేకరీకి చేరింది. ఆమె అక్కడ బ్రెడ్డు ప్యాకింగ్ చేస్తుంది. పక్కన నిలబడి కవర్లు అంటించే ఒకామె, “ఊరికే చెబుతున్నాననుకోకు వదినా. నీ జాగ్రత్తలో నువ్వుండు” అని, ఊరికే చెప్పేవాళ్ళు చెప్పేదంతా చెప్పేసింది.

ఆ రోజే పొద్దున పదకొండు గంటలకు భార్య తలకు ప్లాస్టిక్ టోపీతోనే షాపుకొచ్చి, షట్టర్ సగం దించింది. రెండు షాపుల అవతల కత్తెర చప్పుడు ఆగింది. మేస్త్రి బల్ల మీద ఫ్రేము పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నోటి నిండా మేకులు.

“ఏమయ్యా, నీకు రోగమా?”

ఊఁ అన్నా అబద్ధమే. ఊహూఁ అన్నా సగం అబద్ధమే. మేస్త్రి ఒక్కో మేకూ తీసి అరచేతిలో పెట్టుకోసాగాడు.

“మింగకు. దానికి మళ్ళీ ఇంకో ఆసుపత్రి” అంది ఆమె. ఆఖరి మేకుదాకా ఆగింది.

“లేదు. ఉందనుకున్నాను.”

“ఎందుకనుకున్నావు? ఊరికే అనుకోరుగా ఎవరూ.”

“సినిమా హాలు సీట్లకు వెళ్ళాను చూడు…”

“ఆఁ. పదిహేను రోజులు.”

“ఒకరోజు సాయంత్రం…” అని ఆగాడు. ఆమె సాయం చెయ్యలేదు. “ఒకామె. ఒక్కసారే.”

భార్య అక్కడే ఉన్న సోఫాలో కూర్చుంది. దాన్ని సాయంత్రం ఎవరికో అప్పజెప్పాలి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి ఉంది. ఆమె కింద ప్లాస్టిక్ కరకరలాడింది.

“పేరేంటి?”

“తెలీదు.”

“పేరు కూడా తెలీదా?”

ఏ పేరు చెప్పినా ఆమెకు అంత కోపం వచ్చేది కాదేమో. మేస్త్రి గడగడా మిగతాది చెప్పేశాడు. నొప్పి, బిళ్ళలు, మూడు ల్యాబులు, డాక్టరమ్మ గీసిన బొమ్మ, గురువారాలు. చెబుతూ చెబుతూ, నీకు అంటకూడదనే విడిగా పడుకున్నాను అన్న చోట గొంతులో కొంచెం గర్వం కూడా వచ్చింది.

“అందుకా టవలు విడిగా ఉతుక్కుంది?” అంది ఆమె.

“అందుకే.”

“నేను పక్కకొస్తే జరిగింది కూడా అందుకేనా?”

“అందుకే మరి.”

“పదకొండు నెలలు” అంది ఆమె మెల్లగా. “నా ఒంటి వాసన నీకు పడటం లేదనుకున్నాను. బేకరీ వాసన పోవాలని రోజుకు రెండుసార్లు తల రుద్దుకున్నాను. సబ్బు మార్చాను. అద్దం ముందు నిలబడి, ఏం పాడైపోయిందా అని చూసుకున్నాను.”

మేస్త్రి గర్వం ఎక్కడిదక్కడ చచ్చిపోయింది.

“సరే. మూడుసార్లు నీ రక్తం ఇచ్చి మూడు కాగితాలు తెచ్చుకున్నావు. మరి నా కాగితం ఏది?”

“నీకెందుకు? నాకేం లేదుగా…”

“అది నీకు మొన్న తెలిసింది. అంతకు ముందు ఎనిమిది నెలలు రోగం ఉందనే అనుకున్నావుగా. ఉంటే నాకూ వచ్చి ఉంటుందని ఒక్కసారి తట్టలేదా? నీ గ్లాసు మాత్రం వేడినీళ్ళలో ముంచుకున్నావు.”

ఇంతకాలం అతను కాపాడింది ఆమెను కాదు, తన రహస్యాన్ని. అది అతనికి ఆ క్షణం దాకా నిజంగానే తెలియదు.

మర్నాడు ఉదయం ఆమె సంచి సర్దుకుంది. ఆటో సరిగ్గా సెలూన్ ముందే ఆగింది. గడ్డం సగం గీయించుకున్న ఒకాయన నురుగు మొహంతోనే బయటికొచ్చి చూశాడు. ఇంత మంచి సాక్ష్యం దొరికాక వీధికి ఇంకేం కావాలి?

తొమ్మిది రోజులు మేస్త్రి ఫోను చేసినప్పుడల్లా వదినే ఎత్తేది. వదిన అంటే భార్య అక్క, మాట మెత్తన, అందుకే భయం ఎక్కువ. “మరిదీ, మా చెల్లెలికి మీ మీద కోపం ఉందనుకుంటున్నారా? కోపమైతే నాలుగు రోజుల్లో పోయేది” అని పెట్టేసింది. అతను రాత్రీ పగలూ చాప మీద పడుకుని, కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని మాస్టారు చెప్పినట్టు ఊపిరి పీల్చాడు. పీల్చడం వచ్చింది. వదలడం మళ్ళీ మొదటికొచ్చింది. నొప్పి కూడా పాత చుట్టంలా హాయిగా తిరిగొచ్చింది.

పదో రోజు పొద్దున ఫోను మోగింది. ఈసారి ఆమె గొంతే.

“వచ్చి తీసుకెళ్ళు” అంది. ఇంకేం చెప్పలేదు.

వెళ్ళాడు, బస్సులో నిలబడి. వదిన మంచినీళ్ళిచ్చి, కూర్చోమనకుండా లోపలికి పోయింది. కూర్చోలేడనే అలా చేసిందో, కూర్చోబెట్టడం ఇష్టం లేకో తెలియలేదు. భార్య సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి అతని చేతిలో పెట్టింది.

“నాకేం లేదు. నేనే వెళ్ళి చేయించుకున్నాను. ఫలితం వచ్చేదాకా మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నాకు ఎలా ఉందో నీకు తెలుసుగా?”

“తెలుసు” అన్నాడు. ఈ లోకంలో అది అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

“క్షమించేశానని అనుకోకు.”

“అనుకోను.”

“నేను వస్తున్నది అది నా ఇల్లు కాబట్టి. నీ పరుపు ఎక్కడ వెయ్యాలో నేను చెబుతాను. చెప్పేదాకా అడగొద్దు.”

“అడగను.”

“ఇకమీద నొప్పి వచ్చినా, భయం వచ్చినా ముందు నాకు చెప్పాలి. డాక్టరుకు కాదు, ల్యాబుకు కాదు, ఆ మందుల షాపతనికి అసలే కాదు.”

“ఆయనకు కళ్ళని చెప్పాను” అన్నాడు మేస్త్రి.

“ఏంటీ?”

“మంట ఎక్కడంటే, కళ్ళలో అన్నాను. చుక్కల మందు ఇచ్చాడు.”

ఆమె పెదవి బిగించుకుంది. నవ్వకూడదని గట్టిగా అనుకున్నట్టుంది. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. “వేసుకున్నావా?” అని అడిగింది చివరికి.

“వేసుకున్నాను.”

మధ్యాహ్నం ఒంటిగంటన్నర బస్సు ఎక్కారు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. మేస్త్రి అలవాటుగా పైకడ్డీ పట్టుకున్నాడు.

“కూర్చో” అంది.

“నలభై నిమిషాలు పడుతుందే.”

“పట్టనీ.”

కూర్చున్నాడు. పది నిమిషాలకు నొప్పి రానే వచ్చింది. ఇంతకు ముందైతే పళ్ళు బిగించి, ఏమీ లేనట్టు బయటికి చూసేవాడు.

“వచ్చింది” అన్నాడు.

“ఎంత?”

“పొద్దుటంత లేదు.”

“ఆ మాస్టారు ఏం చెప్పాడు?”

“వదలమన్నాడు.”

“అయితే వదులు. నన్ను చూడకు, ముందుకు చూడు.”

వాళ్ళు వీధిలో దిగేసరికి రెండుంపావు. ఆ వేళకు సెలూన్ మూసి ఉంటుంది, మందుల షాపతను భోజనానికి పోతాడు, మిగతా షట్టర్లన్నీ దించి ఉంటాయి. అందుకే ఆమె తిరిగి వచ్చిందనీ, మేస్త్రి ఆమె పక్కన నలభై నిమిషాలు కూర్చునే వచ్చాడనీ ఎవరికీ తెలియలేదు.